కుడి కొసకు పేరు లేదట!

చిటపటకి కోపం ఎప్పుడొస్తుందని ఆ వీధిలో ఎవరూ అడగరు. వచ్చింది ఎప్పుడు పోతుందనే అడుగుతారు. మెట్ల మీద ఎవరైనా చెప్పులు అడ్డంగా విడిచినా, ఫోనులో అవతలి మనిషి ‘ఒక్క నిమిషం లైన్లో ఉండండి’ అని రెండోసారి అన్నా, ముందు ఆవిడ ముక్కు కొస ఎర్రబడుతుంది, ఆ తర్వాత నోరు తెరుచుకుంటుంది. ఈ రెండింటి మధ్యా గది దాటి పోవడానికి సరిపడా వ్యవధి ఉంటుందని మొగుడు పెళ్లైన కొత్తలోనే కనిపెట్టాడు. కాపురం నిలబడింది ఆ వ్యవధి వల్లే అని నవ్వుతూ చెబుతాడు, ఆవిడ పక్కన లేనప్పుడు.

ఆ పేరు పెట్టింది అతని అక్క, అంటే చిటపటకి వదిన. వదిన పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదమ్మా అని అడిగినవాళ్లకల్లా ‘తీరిక చిక్కలేదు’ అని ఒకటే జవాబు. తల్లి పోయాక తమ్ముణ్ణి చదివించింది, పెళ్లి చేసింది. వచ్చిన మరదలు ఒకసారి ఉద్యోగం మానేస్తానంటే, ‘మానేసి ఇంట్లో ఎవరి మీద అరుస్తావు? నా మీదా?’ అని మళ్లీ ఆఫీసుకి తరిమింది. ఒకరు మాట పడరు, ఇంకొకరు మాట దాచుకోరు. అలాంటి ఇద్దరూ ఒకే కప్పు కింద ఎలా ఉంటున్నారా అని వీధిలో వాళ్లు ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయారు. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ వంటింటి గడప దగ్గర చెరో గ్లాసు టీ పట్టుకుని, తమ మేనేజరుని తీరిగ్గా తిట్టుకునేవాళ్లు. ఇద్దరిదీ ఒకే కంపెనీ మరి.

అది దుప్పట్లు ఉతికే కంపెనీ. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు, గలేబులు లారీల్లో మూటలుగా వస్తాయి, తెల్లటి మడతలై వెళ్తాయి. కింద హాలంతా ఆవిరి, హోరు. పైన అద్దాల గది, చల్లగా ఉంటుంది. వదిన కింద, చిటపట పైన. కింద రోలర్లని ఉంటాయి, నడుమంత లావు ఇనప గొట్టాలు, లోపల సెగ. తడి దుప్పటి చెరో కొసా ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని, దులిపి, బిగలాగి, అంచు తిన్నగా అందిస్తే రోలరు లోపలికి లాక్కుంటుంది. అవతలికి వచ్చేసరికి ఆరి, ఇస్త్రీ అయిపోయి ఉంటుంది. ఒకరిది ఎడమ కొస, ఒకరిది కుడి కొస. వదినది కుడి కొస. ఎడమ కొసన ఆవిడ జోడీ, పొడుగ్గా సన్నగా ఉంటుందని హాలంతా గెడ అని పిలుస్తారు. వీళ్లిద్దరూ ఎంత కాలంగా కలిసి చేస్తున్నారంటే, ఒకరికి తుమ్ము రాబోతుంటే ముందుగా రెండోవాళ్ల చెయ్యి ఆగుతుంది.

ఇక చిటపట పని. కంపెనీవాళ్లు ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. బిజినెస్ ఇంటెలిజెన్స్ ప్లాట్‌ఫాం అట. ఆ పేరు వినగానే వదిన, ‘వ్యాపారం చెయ్యడానికి తెలివి కూడా బయటి నుంచి కొనుక్కొచ్చుకున్నారన్నమాట!’ అంది. మిషన్లలోంచి, గేటు దగ్గర్నుంచి, బిల్లుల్లోంచి అంకెలన్నీ వచ్చి దాంట్లో పడతాయి. అది వాటిని రంగురంగుల గీతలుగా, స్తంభాలుగా చేసి చూపిస్తుంది. చూడాలంటే మనిషికో లాగిన్ కొనాలి. దాంట్లో రిపోర్టులు తయారుచెయ్యడం చిటపట పని.

పెద్దసారుకి, అంటే ఆ మేనేజరుకి, ఒక ముచ్చట పుట్టింది. హాలు గోడకి పెద్ద టీవీ పెట్టాలి. ఎవరెన్ని దుప్పట్లు వేశారో పేరుపేరునా అందులో కనపడాలి. పై వరసలో ఉన్నవాళ్లకి బంగారు నక్షత్రం. పెద్దాఫీసు నుంచి మనుషులు చూడ్డానికి వస్తున్నారు, వాళ్లు నోరు వెళ్లబెట్టాలి. గోడకి లాగిన్ కొనడం దండగ, వేరే దారేదైనా చూడమ్మా అన్నాడు చిటపటతో.

‘ఇప్పుడు మన రిపోర్టులన్నీ మిషను వారీగా ఉన్నాయి సార్.’

‘మిషను లెక్క నాకొద్దు. మిషనుకి సిగ్గుండదు. మనిషి లెక్క కావాలి.’

ఆ వేరే దారి పేరు ఏపీఐ. చిటపట దాన్ని వదినకి టీ దగ్గర విడమరిచి చెప్పింది. ‘పెద్ద హోటలుకి వెనక వైపు ఒక చిన్న కిటికీ ఉందనుకోండి. కూర్చుని తినేవాళ్లకి ముందు తలుపుంది. ఈ కిటికీ ప్రోగ్రాములకి. ఫలానాది, ఫలానా తేదీది కావాలని చీటీ రాసి లోపలికి తోస్తే పళ్లెంలో పెట్టి బయటికి తోస్తారు. వంటగదిలోకి రానివ్వరు, తొంగి చూడనివ్వరు. చీటీతో పాటు టోకెన్ చూపించాలి. అది నా పేరున ఇచ్చారు. అది లేకపోతే మొహం మీదే కిటికీ వేసేస్తారు. ఇంకోటి వదినా, అడిగినప్పుడల్లా కొత్తగా వండరు. ఇందాక వండిందే మళ్లీ పెడతారు. అప్పటికప్పుడు వండింది కావాలంటే చీటీలో ఆ ముక్క కూడా రాయాలి.’

‘చీటీలో రాయనిది పెట్టరా?’

‘పెట్టరు. అడిగిందే పెడతారు.’

‘నీకు చెల్లెలన్నమాట. అడిగితేనే జవాబు, అదీ విసురుగా.’

ఆ పని మీద మెడ పట్టేసేదాకా కూర్చుంది చిటపట. చీటీ కాస్త తప్పు రాస్తే చాలు, కిటికీ కసిరేది. అనుమతి లేదు పో. ఆ పేరుతో ఏమీ లేదు పో. మరీ గబగబా అడుగుతున్నావు, ఆగు. ఈవిడ తిరిగి ల్యాప్‌టాప్‌ని కసిరేది. పక్క సీట్లవాళ్లు మెల్లగా భోజనాల గదికి మకాం మార్చేశారు. చివరికి ఓ మధ్యాహ్నం అంకెలు పలికాయి. గోడ మీద టీవీ వెలిగింది. పేర్లు, పక్కన దుప్పట్లు, అన్నిటి కన్నా పైన గెడ పేరు, దాని పక్కన నక్షత్రం తళతళా తిరుగుతోంది. పెద్దసారు హాలంతటి చేతా చప్పట్లు కొట్టించాడు. చిటపట ముక్కు ఆ రోజూ ఎర్రబడింది, సంతోషంతో.

ఆ సాయంత్రం వదిన టీకి రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడు గిన్నెలు పెట్టే చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

‘అక్కకి ఒంట్లో బాగాలేదేమో’ అన్నాడు మొగుడు.

‘ఒంట్లో బాగానే ఉన్నాన్రా. టీవీలోనే లేను’ అంది వదిన వంటింట్లోంచి.

చిటపట లేచి వెళ్లింది. ‘టీవీలో లేకపోవడం ఏంటి వదినా?’

‘నీ టీవీ. చుక్కల టీవీ. గెడకి చుక్క. పక్క మిషను ఎడమామెకి చుక్క. నేనెక్కడే అమ్మాయ్? పైనుంచి కిందకి చూశా, కింద నుంచి పైకి చూశా. అట్టడుగున ఉన్నా నోరు మూసుకుందును. అసలు నేను లేనే లేను!’

‘మిషను దగ్గరి పెట్టెలో మీ గుర్తింపు కార్డు పెట్టడం మర్చిపోయి ఉంటారు’ అంది చిటపట.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వదిన చేతిలో గరిటె పక్కన పెట్టింది. గరిటె ఊపుతూ తిట్టే మనిషి గరిటె పక్కన పెట్టిందంటే ఆ ఇంట్లో అందరికీ అర్థం తెలుసు. రెండు అరచేతులూ మరదలి మొహం ముందు చాపింది. వేళ్ల కొసలు సెగకీ తడికీ అరిగి నున్నగా మెరుస్తున్నాయి.

‘ఈ వేళ్లకి ఫోను కూడా తెరుచుకోదు. ముద్ర వెయ్యమంటుంది. ముద్ర ఎక్కడుంది, మీ కంపెనీ దుప్పట్లకి రాసిచ్చేశా. మర్చిపోయానట! టీవీలో పేరు లేని వాళ్లందర్నీ సోమవారం నుంచి సంచుల గదికి పొమ్మన్నారు. తెలుసా నీకు? పైన చల్లగా కూర్చుంటావుగా, నీ దాకా రాలేదా కబురు?’

చిటపటకి నిజంగానే తెలియదు. సంచుల గదంటే ఆస్పత్రుల మురికి మూటలు విప్పి దులిపే చోటు. మూటల్లో సూదులుంటాయి, కత్తెరలుంటాయి, ఇంట్లో చెప్పుకోకూడనివీ ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు ఆ వాసనకి మధ్యాహ్నం భోజనానికని వెళ్లి ఇక తిరిగి రారు.

‘చేస్తే రోలరు దగ్గరే చేస్తా. లేదంటే మానేస్తా’ అంది వదిన. ‘మానేసి ఇంట్లో కూచుంటా. రోజూ నీ మీద అరుస్తా.’

మొగుడు ఏదో సర్దిచెప్పబోయి, ఇద్దరి ముక్కులూ ఒకసారి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచాడు.

మర్నాడు చిటపట బ్యాగు భుజాన ఉండగానే ల్యాప్‌టాప్ తెరిచింది. కిటికీలోకి తోసే చీటీలో ఒక్క వదిన పేరే రాసింది. ఈ ఏడాది మొత్తం మీద, ఏ మిషనైనా సరే, ఈ మనిషి వేసిన దుప్పట్లెన్ని? రెప్పపాటులో జవాబొచ్చింది. పైన రెండు వందలు అనే అంకె. కిటికీ భాషలో దానికి ‘సరే, అంతా సవ్యం’ అని అర్థం. ఆ కింద రెండు చదరపు బ్రాకెట్లు. వాటి మధ్య ఏమీ లేదు. సున్నా కూడా లేదు.

చిటపటకి ఒళ్లు మండిపోయింది. తప్పు అడిగావని కసిరితే, పోనీ, ఎక్కడుందో తప్పు వెతుక్కునేది. తెలియదు అన్నా సరిపోయేది. అంతా సవ్యం అని చెప్పి మరీ ఖాళీ పళ్లెం చేతిలో పెట్టింది! దానికి తోడు ప్రోగ్రాము ఏం చేసింది? పళ్లెం ఖాళీగా ఉంది కదా, వడ్డించేదేముంది అని ఆ పేరునే ఎత్తేసింది. ఎత్తెయ్యమని ఆ వరస రాసిందెవరు? చిటపటే. ఖాళీ గళ్లుంటే గోడ మీద అందంగా ఉండదని. ఎవర్ని తిట్టాలో తోచక స్టేప్లరు తీసి బల్లకేసి కొట్టింది. అది విచ్చుకుని పిన్నులన్నీ నేల మీద పోసింది.

హాల్లోకి దిగింది. టీవీ బిగించిన రోజు తప్ప ఆ మెట్లు దిగి పట్టుమని పది నిమిషాలు అక్కడ నిలబడింది లేదు. ఆవిరికి కళ్లజోడు మసకేసింది. తుడుచుకుని చూస్తే రోలరు ఎడమ కాలికి అగ్గిపెట్టెలా అతికించి ఒక చిన్న పెట్టె, దాంట్లో గెడ కార్డు. కుడి కాలికి ఏమీ లేదు.

‘రెండో కార్డు ఎక్కడ పెడతారు?’ అని అడిగింది గెడని.

‘రెండోది పెడితే నాది ఎగిరిపోతుందమ్మా. ఆ పెట్టె ఒక్కళ్లనే పట్టుకుంటుంది.’

‘ఇటే ఎందుకు బిగించారు?’

‘ప్లగ్గు ఇటుందని.’

ప్లగ్గు ఇటుందని! ఎలక్ట్రీషియన్ నాలుగు మూరల వైరు మిగుల్చుకున్నందుకు హాల్లో సగం మంది మనుషులు కాకుండా పోయారు. చిటపట గొంతు లేచింది. ‘మరి మీ పేరు పక్కన చుక్క తిరుగుతున్నప్పుడు మీరైనా చెప్పొచ్చుగా?’

గెడ దుప్పటి అంచు సరిచేసింది, సరిగ్గా ఉన్నదాన్నే. ‘నన్నెవరూ అడగలేదమ్మా.’

‘ఎవరూ అడగలేదట’ అంది వదిన, రోలరుతో. గెడ పేరు పక్కన చుక్క తిరిగిన రోజు నుంచే ఆమెతో మాట్లాడ్డం మానేసింది. నోళ్లు మానేసినా చేతులు మానలేదు. ఇద్దరూ ఒక్కసారే వంగారు, ఒక్కసారే దులిపారు, దుప్పటి చాప పరిచినట్టు లోపలికి పోయింది. పైన టీవీలో అంకె కదిలింది. గెడ పేరున.

చిటపట మెట్లెక్కిన చప్పుడుకే అద్దాల గదిలో వాళ్లు తలలు దించేసుకున్నారు.

‘సార్, మీ టీవీ అబద్ధం చెబుతోంది.’

‘నువ్వు చేసిందేగా అమ్మా?’

‘అందుకే చెబుతున్నా. పెట్టె ఎడమ వైపే ఉంది. కుడి వైపు వాళ్ల పని దేన్లోనూ పడట్లేదు. మనిషి లెక్క తీసేసి మిషను లెక్క పెడతాను. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. ఆ సంచుల గది మాట వెనక్కి తీసుకోండి.’

‘కుడి వైపు వాళ్లు పని చేసినట్టు డేటా ఉందా?’

‘లేదు.’

‘డేటా లేదంటే పని లేదని.’

‘డేటా లేదంటే పెట్టె లేదని సార్!’

‘అరవకు.’

‘నేనింకా మొదలుపెట్టలేదు సార్.’

పెద్దసారు చెడ్డమనిషి కాదంటారు అందరూ. అందరూ అంటే ఆ చల్లటి గదిలో కూర్చునేవాళ్లు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. ‘చూడమ్మా, నాకు ముందు నుంచీ అనుమానమే. ఒక్కరు చేసే పనికి ఇద్దరు నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇప్పుడు అంకెలు అదే చెప్పాయి.’

అప్పుడు మొదలుపెట్టింది. ఏమేం అందో మొత్తం ఎవరికీ గుర్తులేదు. ‘ఒక్కరితో వేయించి చూపించండి, రండి’ అన్న ఆఖరి మాట మాత్రం కింద రోలర్ల హోరులో కూడా వినపడిందట. అంతమంది ముందు రానంటే పరువు పోతుంది. పెద్దసారు లేచాడు. చిటపట ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెనకే దిగింది.

‘నువ్వు పక్కకి రామ్మా’ అన్నాడు వదినతో. వదిన వచ్చింది. చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. ‘నువ్వొక్కదానివే వెయ్యి’ అన్నాడు గెడతో.

గెడ వదిన వైపు చూసింది. వదిన టీవీ వైపు చూసింది. గెడ దుప్పటి అందుకుని ఎడమ కొస రోలరుకి పెట్టి, కుడి కొస కోసం పరిగెత్తింది. ఆమె అక్కడికి చేరేలోపు ఎడమ కొస లోపలికి పోయింది. దుప్పటి అడ్డంగా మెలిపడి, పిండిన గుడ్డలా అవతలికి వచ్చింది. రెండోది ఇంకా వంకరగా పోయింది. మూడోది గెడ ఎత్తలేదు.

‘నాకు రెండే చేతులు సారూ. రెండూ ఈ కొసకే సరిపోతాయి.’

‘చేతకాదని చెప్పు!’ పెద్దసారుకి పౌరుషం పొడుచుకొచ్చింది. చొక్కా చేతులు మడిచాడు. ‘పట్టు ఆ కొస’ అని తనే కుడి కొస ఎత్తాడు. హాల్లో ఆడవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక్కరే వెయ్యొచ్చని చూపించడానికి వచ్చిన మనిషి రెండో కొస పట్టుకున్నాడు! సెగకి వెనక్కీ ముందుకీ గంతులేస్తూ, ఎలాగైతేనేం, ఒక దుప్పటి లోపలికి తోశాడు. అది కాస్త సొట్టపోయి అవతల తేలింది.

చిటపట పక్క మూటల మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఇప్పటికిప్పుడు వండింది కావాలని చీటీలో రాసి, కిటికీలోకి తోసింది. గోడ మీద టీవీ ఒకసారి మినుకుమంది. గెడ పేరు పక్కన అంకె పెరిగింది.

‘చూశారా సార్? మీరు ఎత్తిన దుప్పటి. ఆవిడ పేరున పడింది. మీరెక్కడున్నారు? పైనుంచి కిందకి చూడండి. కింద నుంచి పైకి చూడండి. లేరు. అంటే మీరు పని చెయ్యలేదు. సోమవారం నుంచి మీరూ సంచుల గదికేనా?’

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, హాలంతా భళ్లుమంది. ఆ నవ్వే కొంప ముంచింది. అప్పటిదాకా ఆలోచనలో పడ్డట్టు కనపడిన పెద్దసారు మొహం కందగడ్డయింది. తప్పు ఒప్పుకోవడం ఒక ఎత్తు, నవ్వుతుంటే ఒప్పుకోవడం ఒక ఎత్తు.

‘రేపట్నుంచి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు!’

‘మంచిది సార్’ అంది చిటపట. ఆ మాట మెల్లగా అంది. అది విని భయపడింది వదినొక్కతే. చిటపట అక్కడే నిలబడి, తన పేరున ఉన్న టోకెన్ తెరిచి, తీసేయమని నొక్కింది. నిజంగా తీసెయ్యాలా అని అడిగింది సాఫ్ట్‌వేర్. నిజంగానే అని మళ్లీ నొక్కింది. గోడ మీద పేర్లు, అంకెలు, తిరిగే చుక్కలు అన్నీ ఒక్కసారే పోయాయి. నల్లటి తెర మీద ‘అనుమతి లేదు’ అన్న ఒక్క వాక్యం మిగిలింది.

‘నా పేరున ఇచ్చింది సార్. నేను రానప్పుడు అదీ రాదు.’

రెండు రోజులు ఇంట్లో ఎవరూ సుఖపడలేదు. చిటపట అలమరలు సర్దింది, సర్దినవి నచ్చక కిందకి లాగింది. ఆఫీసులో ఇంకొకరు తమ పేరున కొత్త టోకెన్ తీసుకున్నారు గానీ చిటపట రాసిన ప్రోగ్రాములో దాన్ని ఎక్కడ పెట్టాలో తేలలేదు. వరసకీ వరసకీ మధ్య ఆవిడ తన కోసం రాసుకున్న గుర్తులన్నీ తిట్లే. ఏ తిట్టు దేనికి గుర్తో ఆవిడకే తెలుసు. పెద్దాఫీసు మనుషులు రేపు దిగుతారనగా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

‘సారు మాట వెనక్కి తీసుకున్నారు. వచ్చెయ్యండి.’

‘ఏ మాట? నన్ను పొమ్మన్నదా, వాళ్లని సంచుల గదికి పొమ్మన్నదా?’

‘మిమ్మల్ని పొమ్మన్నదండీ.’

ఫోను పెట్టేసింది. కాసేపటికి మళ్లీ మోగింది.

‘రెండూనండీ.’

వెళ్లింది. మనిషి లెక్క పీకేసింది, చుక్కలు పీకేసింది, మిషనుకో వరస పెట్టింది. కుడి కాలికి కూడా పెట్టె బిగించేదాకా గోడ మీద ఎవరి పేరూ ఉండదని పెద్దసారు బల్ల ముందు నిలబడి చెప్పింది. ఆయన చూస్తాం అన్నాడు. ఆ చూడ్డం ఇంకా అవలేదు. ఆయనకీ చిటపటకీ మాటల్లేవు, కాగితాలే నడుస్తున్నాయి.

చిటపట తిరిగి ఆఫీసుకి వెళ్లిన రోజు సాయంత్రం వదిన టీకి వచ్చింది. చిటపట ఏదో ఒక మంచి మాట వస్తుందని ఎదురుచూసింది. గ్లాసు సగమయినా రాలేదు.

‘ఏం వదినా, రోలరు మీకే ఉంచారుగా?’

‘నువ్వు పెట్టిన టీవీ. నువ్వే పీకావు. దానికి నేను దండం పెట్టాలా?’

‘దండం ఎవరడిగారు! గెడతో అయినా మాట్లాడండి. పాపం మొహం మాడ్చుకుని తిరుగుతోంది.’

‘మాడనీ!’ వదిన గ్లాసు గడప మీద ఠంగున పెట్టింది. ‘మొదటి రోజే, చప్పట్లు కొడుతున్నప్పుడు, ఇందులో సగం అక్కదీ అని ఒక్క మాట అంటే దాని సొమ్మేం పోయేది? నీ కిటికీకి కళ్లు లేవు, సరే. నీ టీవీకి నోరు లేదు, సరే. నా ఎదురుగా నిలబడ్డ మనిషికి రెండూ ఉన్నాయి కదే!’

చిటపట ముక్కు కొస ఎర్రబడింది. ‘అయితే ఏం చేస్తారు?’ అంది విసురుగా.

‘రేపట్నుంచి చివరి మిషనుకి వెళ్తున్నా. అక్కడ ఒకామె ఇటు మారతానంది.’

‘ఎడమ కొసకా?’

‘కుడి కొసకే. నా చేతులకి తెలిసింది అదే. నేనెందుకు మారాలి? పెట్టె మారాలి.’ వదిన మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి లేచింది. ‘మళ్లీ ఎప్పుడెళ్తున్నావు ఆయన గదికి? ఈసారి నేనూ వస్తా. నీ ఒక్కదాని అరుపూ చాలినట్టు లేదు.’